కొల్లేటి రోడ్లకు పాత రోడ్డే క్వారీ

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లపు నేలలో నీటికి కొదవ లేదు, నల్లమట్టికి కొదవ లేదు. లేనిదల్లా రాయి. ఏలూరు దాటి దక్షిణానికి దిగితే కైకలూరు వరకూ, అటు ఆకివీడు, గణపవరం వరకూ ఎంత లోతు తవ్వినా గుప్పెడు కంకర దొరకదు. ఇక్కడ రోడ్డు వేయాలంటే గ్రావెల్, మెటల్ అన్నీ మెట్ట ప్రాంతం నుంచే దిగాలి. గౌరీపట్నం వైపు క్వారీలు కొండలను తొలిస్తేనే కొల్లేరు సరస్సు లంక ఊళ్లకు దారి పడుతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతపు సరుకు రవాణా రోడ్ల కంటే కాలువల మీద ఎక్కువగా ఎందుకు సాగిందో, రెండు డెల్టాలను కలిపే ఏలూరు కాలువలో పడవలు ఎందుకు తిరిగాయో అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలు.

రాయి లేని చోట రాయిని పొదుపుగా వాడాలి. మనం చేస్తున్నది అందుకు విరుద్ధం. తారు పొర పాడైతే దాని మీదే మరో పొర పరుస్తున్నాం. లేదా పాత పొరను గీకి, వచ్చిన పెళ్లలను రోడ్డు పక్క బెర్ముల్లోనో ఖాళీ స్థలాల్లోనో పోసి చేతులు దులుపుకొంటున్నాం. అదే సమయంలో ప్రభుత్వాలు ‘ప్లాస్టిక్ రోడ్లు’ అంటూ ప్రకటనలు చేస్తున్నాయి. వ్యర్థాలతో రోడ్డు అనగానే అందరికీ గుర్తొచ్చేది ప్లాస్టిక్కే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతానికి ఈ వరుస సరిపోదు. ఇక్కడ తిరిగి వాడాల్సిన మొదటి వస్తువు పాత రోడ్డు. ఊక బూడిద లాంటి స్థానిక సరుకు దాని తర్వాత రావాలి. ప్లాస్టిక్‌ది చివరి వంతు, అదీ ఎంచుకున్న చోట్లలోనే.

గీకిన తారు విలువెంత?

తారు రోడ్డు అని పిలుస్తాం గానీ ఆ మిశ్రమంలో తారు సుమారు ఐదు శాతమే. మిగతా 95 శాతం రాయి, ఇసుక, రాతిపొడి. రెండు వరుసల రోడ్డు ఏడు మీటర్ల వెడల్పు ఉంటుంది. పైనున్న 40 మిల్లీమీటర్ల పొరను ఒక కిలోమీటరు మేర గీకితే 280 ఘనపు మీటర్ల సరుకు వస్తుంది. బరువులో సుమారు 640 టన్నులు, అంటే ఇరవై టన్నుల లారీలు 32. అందులో పాత తారే దాదాపు 32 టన్నులు. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం. విశాఖపట్నం రిఫైనరీ నుంచి వచ్చే తారు వెనకా చాలావరకు విదేశీ చమురే ఉంటుంది. డాలర్లు పోసి కొన్న ఆ తారును పదేళ్ల తర్వాత మట్టిలో కలిపేస్తున్నాం.

ఈ విషయంలో ప్రపంచం మనకంటే ముందే మేల్కొంది. 1973 చమురు సంక్షోభంతో తారు ధర పెరిగినప్పుడు అమెరికా రాష్ట్రాలు పాత తారు రోడ్లను గీకి, కొత్త మిశ్రమంలో కలపడం పెద్ద ఎత్తున మొదలుపెట్టాయి. ఇప్పుడక్కడి కొత్త తారు మిశ్రమంలో సగటున ఐదో వంతుకు పైగా పాత సరుకే ఉంటుంది. జపాన్‌లో తవ్వి తీసిన తారు కాంక్రీటులో 99 శాతం తిరిగి వాడకంలోకి వస్తోంది. మన దగ్గర నిబంధనలు లేవనడానికీ వీల్లేదు. తారు రోడ్ల రీసైక్లింగ్‌పై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120 పేరుతో పద్ధతి రాసిపెట్టింది. ఆ పద్ధతి జాతీయ రహదారుల పనుల్లో కొంతమేర అమలవుతోంది. జిల్లా రోడ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోంది.

ఎత్తు పెరిగే రోడ్డు, దారి లేని నీరు

రాయి, తారు మిగలడం ఒక లాభమైతే, కొల్లేటి ప్రాంతంలో అంతకంటే పెద్ద లాభం మరొకటి ఉంది. రోడ్డు ఎత్తు పెరగదు. ఐదేళ్లకోసారి 30 మిల్లీమీటర్ల పొర వేసుకుంటూ పోతే పాతికేళ్లలో రోడ్డు అరడుగు లేస్తుంది. ఏలూరు వన్‌టౌన్ వంటి పాత పేటల్లో అరడుగంటే దుకాణం గడప ఎత్తు. వాన పడితే రోడ్డు మీది నీరు షాపులోకి దిగుతుంది. ఊరి బయట ఇది మరో రూపంలో కనిపిస్తుంది. తారు పొర లేచినంత వేగంగా బెర్ములు లేవవు. అంచు దగ్గర మెట్టు పడుతుంది. ఎదురుగా లారీ వస్తే బండి దించబోయిన మనిషి జారి పడతాడు. టైరు ఎక్కి దిగినప్పుడల్లా అంచు కొంచెం కొంచెంగా విరిగిపోతుంది. దాన్ని సరిచేయడానికి మళ్లీ గ్రావెల్ కావాలి. ఆ గ్రావెల్ మళ్లీ కొండ నుంచే దిగాలి.

సరస్సు లోపల సంగతి మరీ సున్నితం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీరంతా కొల్లేటికి చేరి, ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తిన తర్వాత కొల్లేటి మట్టం పెరిగింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదుగా నీరు పారింది, లంక గ్రామాలకు రాకపోకలు తెగిపోయాయి. అప్పుడు రోడ్డు ఎత్తు పెంచాలని ఊళ్లవాళ్లు అడిగారంటే అందులో న్యాయం ఉంది. అయితే మట్టికట్టను ఎత్తు చేస్తే రోడ్డు తేలుతుంది గానీ, ఎగువన నీరు మరింత నిలుస్తుంది. అక్కడ కావలసింది వంతెనలు, వెడల్పాటి తూములు. అరడుగు తారు పొరతో వరద ఆగిపోతుందని ఎవరూ అనరు. కానీ మరమ్మతు పేరుతో ఏటికేడు రోడ్డు లేవడం, తూము నోరు మాత్రం అలాగే ఉండిపోవడం ఒకదానికొకటి పొసగని పనులు. పాత పొర గీకి, అదే మట్టానికి కొత్త పొర వేస్తే మరమ్మతు మరమ్మతుగానే ఉంటుంది. ఎత్తు పెంచాలా వద్దా అన్నది నీటిపారుదల ఇంజనీర్లతో కూర్చుని విడిగా తీసుకోవలసిన నిర్ణయం.

పాత సరుకుతో పేచీలు

పాత తారు కొత్త తారుతో సమానం కాదు. ఎండకూ గాలికీ అందులోని తేలిక నూనెలు తగ్గి, ఆక్సీకరణతో అది బిరుసెక్కుతుంది. దాన్ని ఎక్కువగా కలిపితే పొర చక్రాల గాళ్లు పడకుండా గట్టిగా నిలుస్తుంది గానీ పగుళ్లకు లోనవుతుంది. అందుకే మెత్తటి రకం తారును గానీ, పాత తారులో మళ్లీ జిగి తెచ్చే నూనెలను గానీ జోడిస్తారు. వాడేసిన వంటనూనెలు ఈ పనికి పనికొస్తాయని చాలా దేశాల్లో పరీక్షలు జరిగాయి. పామాయిల్ ఆధారిత నూనెల మీదా పరిశోధనలు నడుస్తున్నాయి. ఏలూరుకు కూతవేటు దూరంలో పెదవేగిలో భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. చుట్టూ ఆయిల్‌పామ్ తోటలు, గానుగ మిల్లులు ఉన్నాయి. మిల్లు వ్యర్థాల్లో ఏ నూనె తారుకు సరిపోతుందో తేల్చడానికి ఇంతకంటే అనువైన చోటు రాష్ట్రంలో మరొకటి లేదు.

రెండో పేచీ తారు మిశ్రమాన్ని కలిపే హాట్‌మిక్స్ ప్లాంటుది. పాత పెళ్లలను నేరుగా మంటలో పడేస్తే తారు మాడి పొగ కక్కుతుంది. డ్రమ్ము మధ్యలో మంట తగలని చోట లోపలికి పోయే ఏర్పాటు ఉండాలి. కొత్త రాయిని ఎక్కువ వేడి చేసి, ఆ వేడితోనే పాత సరుకును కరిగించాలి. పెళ్లలను జల్లెడ పట్టి సైజుల వారీగా కుప్ప వేయాలి. తడిసిన కుప్పను ఆరబెట్టడానికే ఇంధనం తగలబడుతుంది కాబట్టి కుప్పలపై కప్పు ఉండాలి. వానలు, తుపానులు సాధారణమైన మన జిల్లాల్లో ఈ చిన్న షెడ్డే లాభనష్టాలను తేలుస్తుంది.

మూడో పేచీ గురించి ఇంజనీర్లు పైకి అనరు గానీ లోలోపల భయపడతారు. పాత సరుకు కలపడానికి అనుమతిస్తే కాంట్రాక్టరు కొత్త మిశ్రమానికి బిల్లు పెట్టి పాతది నింపేయడా? ఈ అనుమానం అర్థం లేనిదేమీ కాదు. నిఘా లేకుండా రీసైక్లింగ్ తెస్తే అది నాసిరకం పనికి మంచి ముసుగే అవుతుంది. అలాగని మానేయనక్కర్లేదు. వేసిన రోడ్డు నుంచి గుండ్రటి నమూనాలు (కోర్లు) తీసి తారు శాతం చూడాలి, తీసిన తారు ఎంత బిరుసెక్కిందో కొలవాలి. నీళ్లలో నానిన నమూనాకు పొడి నమూనా బలంలో కనీసం 80 శాతం నిలవాలన్న పరీక్షను తప్పనిసరి చేయాలి. కొల్లేటి ప్రాంతంలో ఈ చివరి పరీక్షకు ఎక్కువ విలువ. ఇక్కడ తారుకు పెద్ద శత్రువు నీరు. ఐసు కరిగి కారుతూ హౌరాకు, గౌహతికి పోయే చేపల లారీలు ఎండాకాలంలోనూ రోడ్డును తడుపుతూనే ఉంటాయి. రాయికీ తారుకూ మధ్య నీరు చేరితే పట్టు వదులుతుంది. మిశ్రమంలో కొంచెం సున్నం కలిపితే ఆ పట్టు నిలుస్తుందన్నది ఇంజనీర్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే.

లోపం అడుగున ఉంటే

పైపొర ఎంత గొప్పగా వేసినా కొల్లేటి రోడ్డు ఎందుకు కుంగుతుంది? అడుగున నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు విడుస్తుంది. దాని మోసే బలాన్ని కొలిచే సీబీఆర్ తరచూ రెండు, మూడు శాతానికి మించదు. పైగా రోడ్డుకు ఇరువైపులా చేపల చెరువులు. రోడ్డు కట్టే చెరువు గట్టుగా మారిన చోట్ల ఆ మట్టి ఏడాదిలో ఏ నెలలోనూ ఆరదు. చొక్కాకు ఎంత ఇస్త్రీ చేసినా లోపల ఒళ్లు తడిగా ఉంటే మడతలు పోవు. అడుగు సరిచేయకుండా ఏ వ్యర్థంతో పైపొర వేసినా ఫలితం అంతే.

అడుగు బాగుచేయడానికీ పాత రోడ్డే పనికొస్తుంది. పాత తారు, మెటల్, గ్రావెల్ పొరలను ఉన్నచోటే యంత్రంతో పొడి చేసి, సిమెంటు వంటి బంధకం కలిపి, అక్కడికక్కడే రోలర్‌తో తొక్కించే పద్ధతిని ఫుల్ డెప్త్ రిక్లమేషన్ అంటారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో ఉత్తరప్రదేశ్ దీన్ని పల్లె రోడ్లకు విరివిగా వాడింది. కొండ రాయి దాదాపు అక్కర్లేదు. రోడ్డు ఎత్తు పెద్దగా మారదు. సిమెంటు పొరకు వచ్చే పగుళ్లు పైకి పాకకుండా మధ్యలో ఒక పల్చటి తారు పొర వేయాలి. ఆ పొరను ఎగ్గొడితే మొత్తం పని చెడుతుంది. లంక ఊళ్ల పంచాయతీరాజ్ రోడ్లకు ఇంతకంటే తగిన విధానం కనబడదు.

ఇక ఊక బూడిద. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైసు మిల్లుల బాయిలర్ల నుంచి ఇది గుట్టలుగా వస్తుంది. బూడిదలో ఎక్కువ భాగం సిలికా. బాగా కాలిన బూడిదను సున్నంతో కలిపి నల్లరేగడిలో దున్నితే మట్టి ఉబ్బు తగ్గి బలం పెరుగుతుంది. రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద ఎగిరి కళ్లలో పడే ఈ బూడిద రోడ్డు కిందకు పోతే బూడిద బాధా, మట్టి బాధా రెండూ తీరతాయి. అయితే ఒక్కో మిల్లుది ఒక్కో రకం. సరిగా కాలక నల్లగా మిగిలిన బూడిద పెద్దగా పని చేయదు కాబట్టి కుప్పను చూసి కాక, పరీక్షించి తీసుకోవాలి.

థర్మల్ బూడిద విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఏలూరుకు వంద కిలోమీటర్ల లోపే. థర్మల్ కేంద్రాల నుంచి 300 కిలోమీటర్ల పరిధిలో రోడ్డు పనులకు బూడిద వాడాలని కేంద్ర పర్యావరణ శాఖ ఆదేశాలున్నాయి. జాతీయ రహదారి కట్టల్లో, మెరక ప్రాంతాల్లో అది మంచి పనే. కానీ ఆ బూడిదలో ఆర్సెనిక్, సీసం వంటి లోహాలు కొద్ది పాళ్లలో ఉంటాయి. ఏడాది పొడవునా నీళ్లలో నానే కొల్లేటి కట్టల్లో అవి చేపలున్న నీటిలోకి జారే ప్రమాదాన్ని తోసిపుచ్చలేం. సరస్సు గర్భంలో దీన్ని వాడకపోవడమే మేలు.

ప్లాస్టిక్‌కు ఎక్కడ చోటు?

ప్లాస్టిక్ రోడ్డు మన దక్షిణాది ఆవిష్కరణే. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ 2002లో తమ ప్రాంగణంలోనే మొదటి రోడ్డు వేశారు. 2018లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. వేడి రాయి మీద రెండు, మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తునకలు చల్లితే అవి కరిగి రాయికి పూతలా అంటుకుంటాయి. ఆ తర్వాత తారు పోస్తారు. పూత వల్ల రాయి నీటిని పీల్చదు, తారు గట్టిగా పట్టుకుంటుంది. నీళ్ల ప్రాంతానికి ఇది నిజమైన మేలే. 2013లో ఐఆర్‌సీ దీనికి ఎస్‌పీ 98 మార్గదర్శకాలు తెచ్చింది. తారు బరువులో ఆరు నుంచి ఎనిమిది శాతం ప్లాస్టిక్ వాడొచ్చు. పల్చటి కవర్లు, థర్మోకోల్ పనికొస్తాయి. వేడికి విషవాయువు విడిచే పీవీసీ మాత్రం చేరకూడదు.

చిక్కల్లా పరిమాణంలో, శుభ్రతలో ఉంది. ఒక వరుస రోడ్డు కిలోమీటరుకు పట్టే ప్లాస్టిక్ సుమారు ఒక టన్ను. ఈ దారిలో ఒక పట్టణపు చెత్త సమస్య తీరదు. రోడ్డుకు పోయే ప్లాస్టిక్‌లో మట్టి, మురికి ఒక శాతానికి మించకూడదంటే ఇంటి దగ్గరే తడి, పొడి చెత్త విడిపోవాలి. కలిపి తెచ్చిన చెత్తను కడిగి, ఆరబెట్టి, ముక్కలు చేసే ఖర్చు మిగిలే తారు విలువను తినేస్తుంది.

కేంద్ర రహదారుల శాఖ 2015లో ఇచ్చిన ఆదేశమూ మన ప్రాంతాన్ని చూసి రాసింది కాదు. ఐదు లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాలకు 50 కిలోమీటర్ల లోపల జాతీయ రహదారుల పునరుద్ధరణలో ప్లాస్టిక్ వాడాలని అది చెప్పింది. ఏలూరు జనాభా ఆ లెక్కకు చాలదు. విజయవాడ 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. కానీ మన ప్లాస్టిక్ పుట్టేది నగరంలో కాదు, చెరువు గట్ల మీద. మేత సంచులు, మందుల కవర్లు, రొయ్యల ప్యాకింగులో విరిగిన థర్మోకోల్ పెట్టెలు కాలువల్లో తేలుతుంటాయి. మేత సంచులకు పాత సామాన్ల మార్కెట్ ఉంది, వాటిని అక్కడికే పోనివ్వాలి. ఎవరూ కొనని పల్చటి కవర్లను, విరిగిన థర్మోకోల్‌ను ప్యాకింగ్ కేంద్రాల దగ్గరే సేకరిస్తే సరుకు శుభ్రంగా దొరుకుతుంది. మళ్లీ వేరే రకంగా వాడలేని ప్లాస్టిక్‌ను రోడ్లకు మళ్లించాలని 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు స్థానిక సంస్థలకు చెబుతున్నది కూడా ఇదే.

ఆ సరుకుతో ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణ వీధులు వేయవచ్చు. సరస్సు లోపల మాత్రం ఆగాలి. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. ఆటపాక పెలికాన్లు బతికేది ఆ నీటిలోని చేపల మీదే. రోడ్డు పైపొర అరిగినప్పుడు అందులోని ప్లాస్టిక్ రేణువులు ఎంత దూరం పోతాయన్న పరిశోధన ఇంకా నడుస్తోంది. ఫలితం తేలేదాకా అభయారణ్యం గీత లోపల పైపొరలో ప్లాస్టిక్ వద్దనడం కనీస వివేకం.

టెండరు కాగితంలో మారాల్సింది

రాష్ట్రంలో 2024 నవంబరులో గుంతలు లేని రోడ్ల కార్యక్రమం మొదలైంది. గుంతలు పూడ్చడం అత్యవసరమే. కానీ అదే డబ్బుతో రోడ్డు వేసే పద్ధతి మారకపోతే నాలుగు వానాకాలాల తర్వాత మళ్లీ ఇదే కార్యక్రమం పెట్టుకోవలసి వస్తుంది. మార్పు మొదలవ్వాల్సిన చోటు ఆర్‌అండ్‌బీ, పంచాయతీరాజ్ శాఖల టెండరు పత్రం. ఏటా ప్రకటించే ధరల షెడ్యూలులో పాత తారు మిశ్రమానికి, ఉన్నచోటే పొడిచేసే పనికి స్పష్టమైన రేట్లు లేకపోతే ఏ డివిజన్ ఇంజనీరూ ఆ అంచనా తయారు చేయడు. రేటు లేని పని కాగితం మీదకే రాదు.

గీకిన తారు ఎవరిదన్నది ముందే తేలాలి. అది శాఖ ఆస్తిగా నమోదు కావాలి, తూకం వేసి యార్డుకు చేరాలి, కాంట్రాక్టరు తీసుకుంటే దాని విలువ బిల్లులో తగ్గాలి. ఏలూరుకో యార్డు, తాడేపల్లిగూడానికో యార్డు చాలు. కప్పు, జల్లెడ, తూకపు యంత్రం ఉంటే పని మొదలవుతుంది. పరీక్షలకు బయటి ఊళ్లకు పోనక్కర్లేదు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నడుస్తోంది. దాని సివిల్ ఇంజనీరింగ్ విభాగాన్ని తనిఖీలకు బయటి సాక్షిగా పెట్టి, కోర్ల ఫలితాలను కిలోమీటరు వారీగా ప్రజల ముందుంచితే, పాత సరుకు మీద ఉన్న అనుమానాలు సగం తీరిపోతాయి.

మొదటి ఏడాది పెద్ద లక్ష్యాలు అక్కర్లేదు. ఏలూరు–కైకలూరు రోడ్డులో ఒక ముక్క, తాడేపల్లిగూడెం చుట్టూ ఒక ముక్క, రెండు లంక గ్రామాల రోడ్లు చాలు. వాటి పక్కనే మామూలు పద్ధతిలో వేసిన ముక్కలను ఉంచి మూడు వానాకాలాలు గమనించాలి. నిలిస్తే జిల్లా అంతటికీ విస్తరించాలి, నిలవకపోతే ఎందుకు నిలవలేదో బయటపెట్టాలి. ఈ ప్రాంత ఎమ్మెల్యేలు, జిల్లా పరిషత్ సభ్యులు రాబోయే పునరుద్ధరణ టెండర్లలో ఒక్క షరతు కోసం పట్టుబట్టాలి: పాత పొర గీకకుండా, గీకిన సరుకుకు లెక్క చూపకుండా, కొత్త పొరకు బిల్లు చెల్లించకూడదు.